పంతొమ్మిదో ప్రింటు

ఆ శనివారం ఉదయం ఆరూ నలభైకి అమీర్‌పేట ల్యాబులో ఉన్నవి: టెర్మినళ్లు పన్నెండు, వాటిలో వెలిగినది ఒక్కటి, కిటికీ పక్కన ఏడో నంబరు. దాని కీబోర్డు, కె మీట లోపలికి కుంగిపోయింది. స్టూళ్లు రెండు. టీ గ్లాసులు రెండు, ఒకటి ఖాళీ. నా నోట్‌బుక్కు, స్కేలుతో నిలువు గీతలు కొట్టి ఇరవై ఒక్క వరుసలు సిద్ధం చేసిన పేజీ దగ్గర తెరిచి ఉంది. ముందురోజు సాయంత్రం తీసిన ప్రోగ్రాం ప్రింటు, అడుగున నా సంతకంతో. ఉన్నవాళ్లు: నేను, నా జోడీ. ఇంకెవరూ లేరు. సార్ తాళంచెవి ముందురోజే మాకిచ్చి, "తొమ్మిదికల్లా ఎవరో ఒకరి పేరు చెప్పండి" అని వెళ్లిపోయారు.

జోడీ అనేది ఆ ఇన్‌స్టిట్యూట్ మాట. పన్నెండు టెర్మినళ్లు, బ్యాచిలో ఇరవై నలుగురం. అన్ని టెర్మినళ్లకూ కలిపి పక్కగదిలో ఒకే సర్వరు. ఒక్కో టెర్మినల్‌కి ఇద్దరిని కూర్చోబెట్టేవారు. ఒకడు కీబోర్డు మనిషి, రెండోవాడు కాగితం మనిషి. నాకు టైపింగు రాదు. అక్షరం వెతుక్కుని ఒక్కో వేలితో కొట్టేవాణ్ణి. యూసుఫ్‌గూడ నుంచి వచ్చే నా జోడీ టైపింగు లోయరు పరీక్ష ప్యాసైనవాడు, తెర వంక చూడకుండా కొట్టేవాడు. అందుకని మొదటిరోజే వంతులు తేలిపోయాయి. నేను నోట్‌బుక్కులో ప్రోగ్రాం తయారుచేయాలి, అతను ఎక్కించాలి.

సార్ ఒక నియమం పెట్టారు. ఎక్కించిన ప్రోగ్రాంని ప్రింటు తీసి కాగితం మనిషికి ఇవ్వాలి. అతను ప్రతి వరుసా చదివి, పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టి, ఆఖర్న సంతకం చేయాలి. "సంతకం లేని కోడు నా సర్వరు మీద నడవదు" అనేవారు సార్. దాన్ని డెస్క్ చెక్ అనేవాళ్లం. చాలా జోడీలు మొదటి వారం తర్వాత చదవకుండానే సంతకాలు చేసేవి. నేను చదివేవాణ్ణి. చదవడం నాకిష్టం. తప్పు దొరికితే దాని పక్కన చిన్న గుండ్రం చుట్టి, వెనక పేజీలో తప్పుల పట్టికలో ఎక్కించేవాణ్ణి. అందుకే నా జోడీ నాకు లిస్టన్న అని పేరు పెట్టాడు.

మా ప్రాజెక్టు ఒక ఆట. పచ్చ అక్షరాల తెర మీద ఇద్దరు ఆటగాళ్లు, ఎ అనే అక్షరం ఒకడు, బి అనే అక్షరం ఒకడు. ఆగకుండా నడుస్తూనే ఉంటారు. నడిచినంత మేరా వెనకాల చుక్కల గీత మిగులుతుంది. గోడకి తగిలినా, ఏ గీతకి తగిలినా అవుట్. బొమ్మలు లేవు, చప్పుడు లేదు. ఒకే కీబోర్డు మీద ఎడమవైపు నాలుగు మీటలు ఎ వాడివి, కుడివైపు నాలుగు మీటలు బి వాడివి. కష్టమంతా లోపల తిరిగే లూపులో ఉంది: మీటలు చదువు, అడుగు వేయించు, తెర గీయి, మళ్లీ మొదటికి రా. చెప్పడానికి నాలుగు మాటలు. మాకు పదకొండు వారాలు పట్టింది.

మొదటి ప్రింటులో ప్రోగ్రాం మీట కోసం కాచుకుని కూర్చునేది. ఎవరూ ఏదీ నొక్కకపోతే ఆటగాళ్లిద్దరూ నిలబడిపోయేవారు. నొక్కిన మీట ఉంటే తీసుకో, లేకపోతే ముందుకు పో అని మార్చాం. అప్పుడు కళ్లు మూసి తెరిచేలోపు ఇద్దరూ గోడకి కొట్టుకున్నారు. వేగం తగ్గించడానికి అడుగుకీ అడుగుకీ మధ్య ఊరికే ఒక పెద్ద అంకె దాకా లెక్కపెట్టించాను. అది మా తెలివితక్కువతనం. పక్క టెర్మినళ్లవాళ్లు ఒకేసారి తమ ప్రోగ్రాంలు నడిపితే సర్వరు బరువెక్కి మా ఆటగాళ్లు నత్తల్లా పాకేవారు, వాళ్లు టీకి పోగానే పరుగెత్తేవారు. చివరికి లెక్కపెట్టడం మానేసి గడియారాన్నే అడిగించాం. సెకనుకి ఎనిమిది అడుగులు, సర్వరు మీద ఎవరున్నా లేకున్నా.

తర్వాతి తప్పు నా జోడీ బొటనవేలి వల్ల బయటపడింది. ఒకసారి ఆడుతూ అతను తన మీటని నొక్కి వదల్లేదు. నా ఆటగాడు మాట వినడం మానేశాడు. అతని మీట నుంచి అక్షరాలు వరసపెట్టి వచ్చి క్యూలో నిలబడిపోయాయి, నా అక్షరం వాటన్నిటి వెనకా ఎక్కడో ఉండిపోయింది.

"మస్తుంది గదన్నా! గిట్లనే ఉంచుదాం, నేనే గెలుస్త దినాం" అని నవ్వాడు.

"గెలుస్తావు గురూ. క్యూ అంతా నువ్వే నిలబడితే ఎవరైనా గెలుస్తారు" అన్నాను.

ఆ రాత్రి కాదు, మర్నాడు బస్సులో తట్టింది పరిష్కారం. ప్రతి అడుగుకీ క్యూ మొత్తం ఖాళీ చేసేయాలి. అందులో ఎ వాడు చివరగా నొక్కినది ఒకటి, బి వాడు చివరగా నొక్కినది ఒకటి గుర్తుంచుకుని మిగతావి పారేయాలి. ఎంతసేపు నొక్కి పట్టుకున్నా ఒక అడుగుకి ఒక మాటే.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. ఇద్దరూ ఒకే అడుగులో ఒకే గడిలోకి వస్తే?

"ముందుగాల నొక్కినోడిది అను, అయిపాయె" అన్నాడు అతను.

"ఒకే అడుగులో వచ్చాక ముందు, వెనక ఏంటి? మన ప్రోగ్రాం ఎవణ్ణి ముందు కదిపితే వాడు గడిలో కూర్చుంటాడు, రెండోవాడు వాడి గీతకి తగిలి అవుట్ అయిపోతాడు. అంటే మనం రాసిన వరుసని బట్టి గెలుపోటములు. ఆడినవాడి చేతిలో ఏమీ లేదు."

"అరే, సెకన్ల ఎనిమిది సార్లు. ఎవరు చూస్తరన్నా?"

"నేను చూస్తాను."

"నువ్వు హైకోర్టుల ఉండాల్సినోనివి, గీడికి ఎందుకొచ్చినవ్?" అన్నాడు గాని నేను రాసిచ్చినట్టే ఎక్కించాడు. ముందు ఇద్దరి మీటలూ చదవాలి. ఇద్దరి కొత్త గడులూ లెక్కకట్టాలి. ఇంకా ఎవర్నీ కదపకూడదు. రెండు గడులూ ఒకటేనా అని చూడాలి. ఒకటే అయితే ఆ ఆట చెల్లదు, మళ్లీ ఆడాలి. కాకపోతేనే ఇద్దర్నీ కలిపి ఒకేసారి కదపాలి. పద్దెనిమిదో ప్రింటులో ఇది సరిగ్గా వచ్చింది. ఆ కాగితం మీద అన్ని వరుసల పక్కనా నా టిక్కులున్నాయి. నేను చేసిన పనుల్లో అంత శుభ్రమైనది అంతకుముందు లేదు. ఆ వారమంతా ఎవరు కనిపించినా ఆ లూపు గురించి చెప్పాను, రూంలో వంట చేసే కుర్రాడితో సహా.

కోర్సు చివరి వారంలో పంజాగుట్టలోని ఒక కంపెనీవాళ్లు సార్‌ని మనుషుల్ని పంపమన్నారు. ప్రాజెక్టు చూపించాలి, దాని మీదే ప్రశ్నలడుగుతారు. ఒకే ప్రాజెక్టుతో ఇద్దరొస్తే కుదరదన్నారు, కాబట్టి జోడీకి ఒకరు.

ఇక్కడ మా ఇద్దరి పరిస్థితీ చెప్పాలి. నాది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. కోర్సు అయ్యాక ఉద్యోగం దొరక్కపోతే సనత్‌నగర్‌లో కంట్రోల్ ప్యానెళ్లు బిగించే వర్క్‌షాపులో చేరతానని మా బావకి మాటిచ్చాను. ఆయన అక్కడ మాట్లాడి ఉంచాడు. కోర్సు అయిపోతే టెర్మినల్ ఉండదు. టెర్మినల్ లేకుండా మూణ్ణెల్లు గడిస్తే నేర్చుకున్నది చేతిలోంచి జారిపోతుందని నాకు తెలుసు. ఒకసారి ప్యానెళ్లలోకి పోయినవాడు మళ్లీ ఇటు రావడం నేను చూడలేదు. నా జోడీకి వాళ్ల మామ సైకిల్ షాపు ఉంది. మధ్యాహ్నాలు అక్కడే కూర్చునేవాడు. ఇవన్నీ ఒకరికొకరం చెప్పుకున్నవే.

నువ్వు వెళ్లు అని నేననలేదు. అతనూ అనలేదు. శుక్రవారం మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఉండగా అతనే అన్నాడు:

"ఆటనే తేలుస్తది. ఇరవై ఒకటి ఆడుదాం. ఎక్కువ గెలిచినోడు పోవాలె. నారాజ్ కావద్దు."

నాకు ఎంత సంతోషమైందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ లూపు ఎవరి పక్షమూ వహించదు. దాన్ని అలా చేసింది నేనే. అంతకంటే న్యాయమైన పద్ధతి అమీర్‌పేటలో ఎక్కడుంటుంది?

సాయంత్రం అతను పంతొమ్మిదో ప్రింటు తెచ్చాడు. సార్ ల్యాబుకి తాళం వేయడానికి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

"స్కోరు బోర్డు ఒక మూలకుండె గద, నడుమకు జరిపిన. ఇంకేం లే. జర సంతకం కొట్టన్నా, సార్ చూస్తుండు."

గోడకి ఆనించి సంతకం చేశాను.

శనివారం కీబోర్డు ముందు కూర్చోగానే అతను కుడివైపు స్టూలు లాక్కున్నాడు. "నువ్వు ఎడమ దిక్కు తీస్కో. కె బటన్ ఖరాబుంది, నేను సంభాళించుకుంట" అన్నాడు. అంటే నేను ఎ, అతను బి. నేను థాంక్స్ చెప్పాను.

ఇరవై ఒక్క ఆటలూ ఆడాం. నాలుగు నాలుగు. తొమ్మిది తొమ్మిది. పది పది. ప్రతి ఆట అయ్యాకా ఆపి, ఎవరు గెలిచారో, ఎన్నో అడుగులోనో, ఓడినవాడు దేనికి తగిలాడో నా పట్టికలో రాశాను. గోడకి, సొంత గీతకి, ఎదుటివాడి గీతకి. "చెల్లని ఆట" అనే గడి కూడా గీసుకున్నాను. అది ఖాళీగానే ఉండిపోయింది. ఆఖరి ఆటలో నా గీతకి నేనే తగిలాను. అది పూర్తిగా నా తప్పే. అతను నన్ను కావలించుకున్నాడు.

"దేఖో, నువ్వు గెలిచినా గింతనే ఖుషీ అయితుంటి" అన్నాడు.

నేను చెయ్యి కలిపాను. తర్వాత ఎవరూ అడగని పని ఒకటి చేశాను. తప్పులు వెతకడానికి వీలుగా ఏ అడుగులో ఎవరు ఏ మీట నొక్కారో ప్రోగ్రాం ఒక ఫైలులో రాసుకునేట్టు మొదట్లోనే పెట్టాను. ఆ ఇరవై ఒక్క ఆటల ఫైలునీ గుర్తుగా ప్రింటు తీసుకున్నాను. ప్రింటరు స్విచ్చి అతనే వేశాడు.

తొమ్మిదికి సార్‌కి అతని పేరు చెప్పింది నేనే. సోమవారం అతను పంజాగుట్ట వెళ్లాడు. ఉద్యోగం వచ్చింది. ఆ వారమే నేను సనత్‌నగర్‌లో చేరాను.

వర్క్‌షాపులో భోజనానికి ముప్పావుగంట విడుపు. డబ్బా పది నిమిషాల్లో అయిపోయేది. మిగతా టైములో ఏం చేయాలో తెలియక, చేరిన మూడో వారంలో గ్రాఫు కాగితాలు కొన్నాను. కాగితం మీద ఒక గడి అంటే తెర మీద ఒక గడి. ప్రింటులోని మీటల్ని బట్టి ఆ శనివారం ఆటల్ని ఒక్కొక్కటీ మళ్లీ గీద్దామనుకున్నాను. ఎ వాడికి నీలం పెన్సిలు, బి వాడికి ఎరుపు. ఎక్కడ ఎలా తిరిగి ఉంటే గెలిచేవాడినో చూసుకోవాలని. అంతకుమించి ఉద్దేశం లేదు.

ఐదో ఆట అరవై రెండో అడుగులో నీలం, ఎరుపు ఒకే గడిలోకి వచ్చాయి. నా పట్టికలో ఆ ఆటకి బి గెలుపు అని ఉంది, నేను అతని గీతకి తగిలానని ఉంది. అలా ఉండకూడదు. ఆ ఆట చెల్లకూడదు. గీయడంలో ఎక్కడో తప్పాననుకుని చెరిపి మొదట్నుంచీ గీశాను. మళ్లీ అదే గడి. మర్నాడు కొత్త కాగితం మీద గీశాను. అదే గడి.

రూముకి పోయి పెట్టెలోంచి పద్దెనిమిదో ప్రింటూ పంతొమ్మిదో ప్రింటూ తీసి పక్కపక్కన పెట్టాను. స్కోరు బోర్డు నిజంగానే మధ్యకి జరిగింది. దాంతోపాటు లూపు లోపల వరుసలు కూడా జరిగాయి. బి వాడి కొత్త గడి లెక్కకట్టి, వెంటనే బి వాణ్ణి అందులో కూర్చోబెట్టేసి, ఆ తర్వాత ఎ వాడి గడి లెక్కకట్టి, అక్కడేమైనా ఉందా అని చూస్తోంది. ఉంటుంది. బి ఉంటాడు. రెండు గడులూ ఒకటేనా అని అడిగే నా వరుసని తీసేయలేదు. దాన్ని అన్నిటికంటే కిందికి పంపించాడు, ఎ వాడు అవుట్ అయిపోయాక వచ్చే చోటికి. ఆ ప్రశ్న అడిగే అవసరం ప్రోగ్రాంకి ఎప్పటికీ రాదు.

ఆ కాగితం మీద ఒక్క టిక్కు కూడా లేదు. అడుగున నా సంతకం ఉంది.

ముందు నాకు కోపం రాలేదు. మిగతా పద్దెనిమిది ప్రింట్లూ తీసి, వారం రోజులపాటు, ప్రతి వరుసనీ నా నోట్‌బుక్కుతో పోల్చి చూశాను. ఇంకెక్కడెక్కడ నాకు తెలియకుండా మార్చాడో తెలియాలి. ఎక్కడా మార్చలేదు. పదకొండు వారాలు నేను రాసిచ్చింది రాసిచ్చినట్టే కొట్టాడు. కామా కూడా తప్పలేదు. కోపం అప్పుడొచ్చింది. మొదట్నుంచీ మోసగాడై ఉంటే ఆ పదకొండు వారాల్నీ ఒక్కసారిగా కొట్టేసి ఊరుకునేవాణ్ణి.

వర్క్‌షాపుకి సెలవున్న రోజు చూసుకుని పంజాగుట్ట వెళ్లాను. తీసుకెళ్లినవి: పద్దెనిమిదో ప్రింటు, పంతొమ్మిదో ప్రింటు, ఐదో ఆట గ్రాఫు కాగితం, అతను చెప్పగల అబద్ధాలు మూడు, ఒక్కోదానికి నా జవాబు, చిన్న చీటీ మీద. చౌరస్తా దగ్గరి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. అతని మెళ్లో కంపెనీ బిళ్ల ఉంది.

"అరే లిస్టన్నా, గింత నల్లగైనవేంది? సనత్‌నగర్ల ఎండ వేరే ఉంటదా?"

నేను కాగితాలు బల్ల మీద పరిచాను. అతను చాయ్ సాసర్లో పోసుకుంటూ ఒకసారి చూశాడు. పైనుంచి కింది దాకా చదవలేదు. చూపు తిన్నగా ఆ వరుసల దగ్గరికే పోయింది.

"దొరికిందా" అన్నాడు.

నా చీటీ అవసరం తీరిపోయింది.

"ఎప్పుడు మార్చావు?"

"శుక్రారం. నువ్వు చాయ్‌కి పోయినప్పుడు."

"స్కోరు బోర్డు ఒక్కటే జరిపానన్నావు."

"స్కోరు బోర్డు సుత జరిపిన గద."

"నవ్వకు గురూ."

"నవ్వుతలేను." నిజంగానే నవ్వడం లేదు. "నీకు సనత్‌నగర్ల జాగ ఖాయముండె. నువ్వే చెప్పినవ్. నాకేముండె? మామ దుకాణంల పంచర్లు. నేనేం అడగాలె నిన్ను?"

"అడగాల్సింది అదే. నన్ను వెళ్లనివ్వు అని."

"అడిగితే ఇస్తుంటివా?"

ఇచ్చేవాణ్ణో లేదో అడిగి ఉంటే తెలిసేది. అది తెలుసుకునే అవకాశం కూడా అతనే తీసుకున్నాడు.

"కాయితం నీ చేతులనే పెట్టినన్నా" అన్నాడు గొంతు తగ్గించి. "పద్దెనిమిది సార్లు సదివినవ్. చుక్క పోతే సుత పట్టుకునెటోనివి. గిది సుత పట్టుకుంటవనే అనుకున్న. పట్టుకుంటే ఏదో మజాక్ చేసిన అని మారుస్తుంటి. నువ్వు గోడకు పెట్టి సంతకం కొట్టినవ్. నేనేం చెయ్యాలె?"

"సార్ చూస్తున్నారని నువ్వే తొందరపెట్టావు."

"సార్ దినాం చూస్తుండె."

"నువ్వు చెప్పావు కాబట్టి చదవలేదు."

అతను సాసరు కింద పెట్టాడు. "సార్‌కి చెప్తవా?"

చెబితే ఏమవుతుందో బస్సులోనే ఆలోచించుకున్నాను. సార్ ముందుగా కాగితం అడుగున చూస్తారు. అక్కడ ఎవరి సంతకముందో చూసి, "ఇది మీదే కదండీ" అంటారు. తల అడ్డంగా ఊపాను. అతను ఊపిరి వదలడం వినిపించింది. అంతలోనే పాత ధోరణిలోకి వచ్చేశాడు.

"అయినా గసొంటియి ఎన్నుంటయన్నా? ఒకటో, మస్తంటే రెండో. నేనెట్లైనా గెలుస్తుంటి. దినాం ఆడినోళ్లం, నీకు తెల్వదా? మంచి దిక్కు సుత నీకే ఇచ్చిన. గా కె బటన్‌తోని ఎంత తిప్పలైందో యాదుందా?"

యాదుంది. నేను థాంక్స్ చెప్పడం కూడా యాదుంది. కాగితాలు వరుసలో పెట్టుకుని లేచాను. అతను భుజం మీద చెయ్యి వేసి, "అప్పుడప్పుడు రా అన్నా" అన్నాడు. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడని నా నమ్మకం. అతని విషయంలో నా నమ్మకానికి ఇప్పుడు ఎంత విలువుందో మాత్రం చెప్పలేను.

ఒకటో, మస్తంటే రెండో. ఆ మాట నిజమై ఉండాలని నేను కూడా కోరుకున్నాను. ఒకటే అయితే పది పది అవుతుంది, మరో ఆట ఆడాల్సి ఉండేది, దాన్ని ఎవరైనా గెలవొచ్చు. అలాగైతే ఇంత బరువు మొయ్యక్కర్లేదు. అందుకని మిగతా పదహారు ఆటలూ గీశాను. రోజుకి రెండు, డబ్బా తిన్నాక, ప్యానెళ్ల వెనక రేకు బల్ల మీద. పక్కవాళ్లు ముగ్గులా అని అడిగారు. అవునన్నాను. ఎనిమిది రోజులు పట్టింది. నీలం, ఎరుపు ఒకే అడుగులో ఒకే గడిలోకి వచ్చిన ఆటలు: ఐదు, ఎనిమిది, పదమూడు, పంతొమ్మిది. నాలుగూ బి గెలిచినట్టే రాసి ఉన్నాయి. అవి చెల్లవు కాబట్టి పట్టికలో కొట్టేసి మిగిలిన గెలుపుల్ని లెక్కపెట్టాను.

అతనివి ఏడు. నావి పది.